గోడ అవతలి ఆఫీసు

పోయిన నెల భూపాలపల్లిలో మా క్వార్టర్ నీళ్ళ మోటారు కాలిపోతే కొత్తది కొనుక్కొచ్చాను. పెట్టెలో మోటారుతో పాటు ఆరేడు భాషల్లో అచ్చేసిన కాగితం మడతపెట్టి ఉంది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో నా పనే మిషన్ల దగ్గర కాబట్టి ఇలాంటివి రోజూ చదువుతాను. ఇంగ్లీషులోనే చదువుతాను. తెలుగులో చదివితే తెలిసిన సంగతి కూడా తెలియకుండా పోతుంది. ఆ రోజు మడత విప్పేసరికి తెలుగు వైపు పైకి వచ్చింది.

'మోటారు తిరగకపోతే తప్పు మోటారుది కాకపోవచ్చు. ముందు ప్లగ్గు చూడండి, తర్వాత ఫ్యూజు చూడండి. రెండూ బాగుంటే మాకు ఫోను చేయండి. మేం వింటాం.'

కాగితం తిప్పి ఇంగ్లీషు చూశాను. అక్కడ 'మేం వింటాం' లేదు.

ఇలా రాసే మనిషి నాకు ఒక్కడే తెలుసు. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. మరి ఈ కాగితం ఆయన ఉన్నప్పుడు రాసిందా, పాతదాన్నే మళ్ళీ మళ్ళీ అచ్చేస్తున్నారా, లేక ఇంకెవరైనా ఇలాగే రాయడం నేర్చుకున్నారా? తెలుసుకునే దారి లేదు. ఇలాంటి వాటి మీద అనువాదం చేసినవాళ్ళ పేరుండదు. మోటారు బిగించాను, నీళ్ళొచ్చాయి, కాగితం మాత్రం పారేయలేకపోయాను.

ఆయన గురించి ఏది తలుచుకున్నా ఇలాగే రెండు మూడు జవాబులు వస్తాయి. అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఒక్క రోజు. ఆ రోజు ఆయన పని వదిలి లేచి ఉంటే వాళ్ళ బాపు కన్ను నిలిచేదా, లేచినా నిలిచేది కాదా అన్నది. అది చెప్పాలంటే ముందు ఆయన ఆఫీసు గురించి చెప్పాలి.

మాది కాటారం. జనగామలో డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ అక్కడే ఆయన ఇంటి పైగదిలో అద్దెకుండేవాణ్ణి. ప్రతి ఊళ్ళో తెలంగాణ కోసం టెంట్లు వేసుకొని కూర్చున్న రోజులు. ఆయన భార్యను వదినా అని పిలిచేవాణ్ణి, దగ్గరి పల్లెలో సర్కారు బడి టీచరు. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, మూడో తరగతి. ఆయన ఇంట్లో కూర్చొని అనువాదాలు చేసేవాడు. హైదరాబాదు ఏజెన్సీ ఒకటి మెయిలు పంపేది, ఆయన ఇంగ్లీషు నుంచో హిందీ నుంచో తెలుగు చేసి పంపేవాడు. మందు సీసాలతో వచ్చే కాగితాలు, బ్యాంకు షరతులు, పురుగుమందు డబ్బాల మీది హెచ్చరికలు, మిక్సీలు, ఫ్యాన్లు, వాషింగ్ మిషన్లు.

ఇంట్లో కూర్చొని అన్నాను గాని, ఆ మాట ఆయన ముందు అనకూడదు.

పొద్దున అందరికంటే ముందు లేచేది ఆయనే. అన్నం, కూర, వదిన టిఫిన్ డబ్బా, బిడ్డకు రెండు జడలు. జడలు ఎంత గట్టిగా వేసేవాడంటే ఆ పిల్ల కనుబొమ్మలు పైకి లేచి బడిలో రోజంతా ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేదని వదిన అనేది. వాళ్ళిద్దరూ వెళ్ళాక స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకొని, బూట్లు వేసుకొని, సంచీ భుజానికి తగిలించుకొని ముందు గుమ్మంలో నిలబడేవాడు. ఇంట్లో ఎవరూ లేకపోయినా "పోయొస్త" అని, తాళం వేసి, గల్లీ చివర హోటల్లో చాయ్ తాగి, వెనక సందులోంచి తిరిగొచ్చి, ఇంటి వెనక గదిలోకి వెళ్ళేవాడు. అది ఆఫీసు. ఆ గదిలోంచి ఇంట్లోకి ఒక తలుపుండేది గాని దానికి అడ్డంగా బీరువా పెట్టేశారు. ఇటు బీరువా, అటు ఆయన కుర్చీ.

పది నుంచి ఐదు వరకు ఆయన ఇంట్లో లేనట్టు. ఎవరొచ్చి అడిగినా "ఆఫీసుకు పోయిండు" అనాలి. గోడ అవతల దగ్గు వినిపించినా సరే.

ఈ నియమం ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తేలలేదు. అడిగితే ఆయన, "మీ వదిన పెట్టింది తమ్మీ. మొగోడు పగటీలి ఇంట్ల కనబడితే ఆమెకు నామోషీ" అన్నాడు. వదినను అడిగితే, "నాకెందుకు నామోషీ? ఆయనకే ఒక ఆఫీసు కావాల్నని పానం కొట్టుకునేది. నేను బీరువా జరిపిన, గంతే" అంది. ఇద్దరూ నిజం చెప్తున్నట్టే ఉండేవాళ్ళు.

అంతకుముందు మాత్రం పరిస్థితి బాగా లేదని ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు. "ఇంట్లనే ఉంటవు గదన్నా" అని గల్లీ గల్లీ వచ్చేదట. గ్యాస్ కనెక్షన్ దరఖాస్తు రాసిమ్మని ఒకరు, గంట సేపు పిల్లగాణ్ణి చూడమని ఒకరు. పక్కింటామె కుక్కర్ పొయ్యి మీద పెట్టి, మూడు కూతలు కాగానే వచ్చి బంద్ చెయ్యన్నా అని చెప్పి బజారుకు పోయిందట. ఆయన ఒక మందు కాగితంలో మునిగి కూతలు లెక్కపెట్టడం మరిచిపోయాడు. పప్పు మాడింది, మందు కాగితమూ ఆలస్యమైంది. రెండు వైపులా మాటలు పడ్డాడు.

ఆఫీసు పెట్టాక వదిన ఒక్క మాట మాత్రం అంటూ ఉండేది. "ఇంట్లనే ఉండుకుంట ఇంట్ల లేకపోవుడు ఈయన ఒక్కనికే చాతనైతది." కోపంగా అనేదో, మెచ్చుకోలుగా అనేదో అప్పుడూ తెలియలేదు.

బిడ్డకు మాత్రం ఆ ఆఫీసు ఆట. నాలుగింటికి బడి నుంచి వచ్చి, సంచీ పడేసి, వెనక్కి వెళ్ళి ఆఫీసు తలుపు కొట్టేది. నా కిటికీ సరిగ్గా దాని మీదే ఉండేది కాబట్టి అంతా వినిపించేది.

"లోపలికి రావచ్చా సార్?"

"ఏం పని మీద వచ్చిన్రు మేడం?"

"ఎక్కాలు అప్పజెప్పేది ఉంది సార్."

"ఆఫీసుల ఎక్కాలు చూడం మేడం. ఐదింటికి మీ నాయిన వస్తడు, ఆయనకు అప్పజెప్పుకోండ్రి."

"మా నాయిన మంచోడు కాదు సార్, కొడతడు."

"గట్లనా? నేను మాట్లాడుత ఆయనతోటి."

ఆయన ఆ పిల్ల మీద చెయ్యెత్తగా నేను చూడలేదు. అలా అనడం ఆమెకు సరదా. ఐదింటికి ఆయన వెనక తలుపు వేసి, సందు తిరిగి, ముందు గుమ్మంలోంచి సంచీతో వచ్చి బూట్లు విప్పేవాడు. ఆ పిల్ల పరుగెత్తుకెళ్ళి, "నాయినా, మీ సార్ ఏమన్న చెప్పిండా?" అని అడిగేది. "చెప్పిండు. నేను మారిపోయిన" అనేవాడు.

పని గురించి ఆయనతో మాట్లాడాలంటే ఐదు తర్వాతే. ఏ వాక్యం చూపించి తెలుగులో ఎలా చెప్పాలన్నా ముందు ఆయన అడిగేది ఒక్కటే. "ఇది ఎవలు చదువుతరు?" వాషింగ్ మిషన్ కాగితం చేస్తున్నప్పుడు నాకు వివరంగా చెప్పాడు. "మిషన్ కొన్నోడు దీన్ని చదవడు తమ్మీ. అట్టపెట్టెతోటే అటక మీద ఏస్తడు. మిషన్ ఆగిపోయినంక కిందికి దించుతడు. అప్పటికి బట్టలు సగం నానినయి, నీళ్ళు ఇల్లంత పారినయి, పెండ్లాం తిడుతున్నది. గసోంటోనికి రాస్తున్న నేను. వానికి వ్యాకరణం చెప్తే మిషన్ పలగ్గొడతడు."

నాకు అది నచ్చింది. యంత్రం గురించి చదివింది నేను, యంత్రం ముందు నిలబడే మనిషి గురించి ఆలోచించేది ఆయన. కాని అంత ఆలోచించేవాడు తన ఇంట్లో ఎవరు ఏ మాట కోసం ఎదురుచూస్తున్నారో ఎలా వదిలేసేవాడు? వదిలేసేవాడని అనుకోవడం కూడా సరికాదేమో. జడలు వేసింది ఆయనే గదా.

ఆయన ఇంటి భాష వేరు. ఊరు గార్ల దగ్గర తండా, లంబాడా కుటుంబం. వదినది జనగామ పక్క ఊరు, వేరే కులం. ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. అందుకని ఇంట్లో తెలుగే నడిచేది, బిడ్డకు తండా మాటలు పట్టుమని పది కూడా రావు. ఆయన తన భాష మాట్లాడేది ఆదివారం ఒక్కసారి, ఫోనులో బాపుతో. తెలుగులో ఏ చిన్న మాటకైనా ముందు ఆగి, వెతుక్కొని మాట్లాడే మనిషి, ఆ ఫోనులో మాత్రం గట్టిగా, గబగబా, మధ్యలో నవ్వుతూ మాట్లాడేవాడు. మెట్ల మీద నుంచి వింటే ఇంకెవరో వచ్చారనుకునేవాణ్ణి.

ఒకసారి అడిగాను, "ఆ భాషల పనులు రావా అన్నా?" అని.

"మా తండాకు వాషింగ్ మిషన్ అమ్మెటోడు తెలుగుల చెప్తే సాలు తమ్మీ. మావోళ్ళకు తెలుగు వస్తది."

ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఉద్యోగులందరి సమ్మె మొదలైంది. బడులు మూతబడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి, వదిన జీతం ఆగింది. ఆమె పొద్దున్నే టీచర్ల టెంటుకు వెళ్ళి, మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకొని వచ్చేది. బిడ్డ రోజంతా ఇంట్లోనే. బొగ్గు బావుల్లో కూడా పని ఆగి కరెంటు పూటపూటకూ పోయేది. ఇల్లు నడిచేది ఆయన పని ఒక్కదాని మీదే. అయినా పదింటికి బూట్లు వేసుకొని, "పోయొస్త" అనేవాడు, ఇప్పుడు ఇంటినిండా మనుషులున్నారు కాబట్టి ఇంకొంచెం గట్టిగా.

"నేను ఆఫీసు బంద్ పెట్టి రోడ్డు మీద కూసున్న. ఈయన రోడ్డు తిరిగి ఆఫీసుకు వోతుండు" అని వదిన నాతో అంది. "రేపు తెలంగాణ వస్తే ఈయన ఆఫీసు ఏ జిల్లాల పడతదో అడుగు."

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, పదకొండు ప్రాంతంలో, ప్యాసింజరు దిగి వాళ్ళ బాపు వచ్చాడు. తెల్ల పంచె, ఎర్ర తలపాగా, చేతిలో కర్ర. నేను మెట్లు దిగుతున్నాను. పిల్ల తలుపు తీసి, తాతను లోపలికి పట్టుకొచ్చి కూర్చోబెట్టి, రోజూ చెప్పేదే చెప్పింది. "నాయిన ఆఫీసుకు పోయిండు తాతా. ఐదింటికి వస్తడు."

గోడ అవతల కీబోర్డు టకటక వినిపిస్తోంది. ముసలాయన కాసేపు చెవి పెట్టి విన్నాడు. "దగ్గర్నే ఉన్నట్టుందే ఆఫీసు" అన్నాడు. నవ్వాడో లేదో మీసాల్లో తెలియలేదు.

మధ్యాహ్నం వదిన టెంటు నుంచి వచ్చి చూసి, వెంటనే వెనక్కి వెళ్ళి తలుపు కొట్టింది. "బాపు వచ్చిండు. పొద్దుగాల్నుంచి కూసున్నడంట."

లోపల టకటక ఆగింది. "ఏమన్న తొందర పని ఉన్నదేమో అడుగు. నాకు కరెంటు పోయేలోపట ఇది పంపేది ఉన్నది. ఇయ్యాల పంపకుంటే ఈ పని ఇంకొకనికి పోతది."

వదిన ముందు గదిలోకి వచ్చింది. "మామా, ఏమన్న తొందరనా? గోడ అవతల్నే ఉన్నడు, పిలుస్త."

"తొందరేం లేదు బిడ్డా. పని కానియ్యి. ఆఫీసుల ఉన్నోన్ని పిలుస్తరా?"

ఆమె మళ్ళీ వెనక్కి వెళ్ళి, "తొందర లేదంటున్నడు" అంది. టకటక మళ్ళీ మొదలైంది.

నేను అక్కడే ఉన్నాను. ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఆమె అడిగింది, ఆయన అడిగించాడు, ముసలాయన జవాబిచ్చాడు. అన్నం పెడితే తిన్నాడు. తినేటప్పుడు పిల్ల నీళ్ళ గ్లాసు ఆయన కుడి పక్కన పెడితే చెయ్యి రెండుసార్లు గ్లాసు పక్క నుంచి పోయింది. ఎడమ కన్ను ఎప్పుడో పోయిందని నాకు తెలుసు. కుడి కన్నుతో కూడా గ్లాసు దొరకలేదన్నది వదినే ముందు చూసింది. "మామా, కన్నేమైంది?" అంటే, "పొగ లెక్క ఉన్నది బిడ్డా, నాలుగు దినాలాయె. వాడు రానీ, చెప్త" అన్నాడు. తర్వాత కుర్చీని బీరువా దగ్గరికి జరిపించుకొని, దానికి తల ఆనించి, సాయంత్రం దాకా టకటక వింటూ కూర్చున్నాడు.

వదిన మరోసారి వెనక్కి వెళ్ళింది. ఈసారి తలుపు కొట్టలేదు. అక్కడ కొంచెంసేపు నిలబడి తిరిగొచ్చింది. ఎందుకు కొట్టలేదో నేను అడగలేదు. ఆగిపోయిన జీతం ఆమెదే గదా అని తర్వాత అనిపించింది. అది కారణం కాకపోవచ్చు కూడా.

ఐదింటికి ఆయన సంచీతో ముందు గుమ్మంలోంచి వచ్చాడు. "ఎప్పుడొచ్చినవ్ బాపూ?" అన్నాడు, తెలుగులోనే. ముసలాయన, "గిప్పుడే" అన్నాడు. వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత ఇద్దరూ తమ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన మాకు చెప్పింది ఇది. కుడి కన్ను చూపు తగ్గుతోంది. గార్లలో చూసినాయన ఆలస్యం చేయకుండా పెద్ద డాక్టరుకు చూపించమన్నాడు. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఎడమ కన్ను అప్పట్లో చూసిన డాక్టరున్నాడు. కాని డాక్టరు చెప్పేది బాపుకు అర్థం కాదట. కొడుకు వచ్చి వివరించాలట.

వదిన వంటింట్లోంచే అంది. "గార్ల నుంచి వస్తుంటే మానుకోట నడుమల్నే వస్తది గదా. రైలు దిగితే దవాఖాన. అది దాటుకొని ఈడిదాక వచ్చిండా?"

"డాక్టరు మాట సమజ్ కాదంటున్నడు గదా" అన్నాడు ఆయన.

"జనగామల చూపిద్దాం."

"ఆ డాక్టరుకే నా కండ్ల సంగతి ఎరుక బిడ్డా" అన్నాడు ముసలాయన.

సాయంత్రం బండికి పోతే చేరేసరికి డాక్టరు ఉండడు. మధ్యాహ్నం బండికి పోయి ఉంటే ఉండేవాడు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అందరం రైళ్ళ గురించే మాట్లాడాం. మర్నాడు రైల్ రోకో, ఒక్క బండీ నడవదు.

నా దగ్గర పాత మోటారు సైకిలుండేది. పొద్దున్నే బయల్దేరాం. నేను ముందు, ముసలాయన మధ్యలో, వెనక ఆయన. బూట్లు వేసుకోలేదు, చెప్పులే. సెలవు పెట్టాననలేదు, ఆఫీసు మాటే ఎత్తలేదు. పాలకుర్తి దాటాం. తొర్రూరు దగ్గర రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం వండుతున్నారు. ఒక పెద్దామె గరిటె పట్టుకొని మా బండికి అడ్డం వచ్చింది.

"ఏడికి?"

"మానుకోట దవాఖానకు అక్కా. ఈయనకు కన్ను బాగలేదు" అన్నాను.

"పోదురు. తిని పోవాలె."

"ఆలస్యమైతదక్కా."

"తినకుంట పోయినోళ్ళ పేర్లు రాసుకొని తెలంగాణ వచ్చినంక బయటికి తీస్తం" అంది, నవ్వకుండా.

ముసలాయన మధ్యలోంచి అన్నాడు, "అప్పటికి నాకు కనబడది బిడ్డా. ఎవలు తిన్నరో ఎవలు తినలేదో నువ్వే చూసుకోవాలె."

అక్కడున్న వాళ్ళందరూ గొల్లుమన్నారు. "ఈ ముసలోనికి రెండు గంటెలు ఎక్కువెయ్యే" అని ఎవరో అరిచారు. ముసలాయన రోడ్డు మీద కూర్చొని, విస్తరిలో పప్పన్నం కలుపుకుంటూ వాళ్ళతో వానల గురించి, పత్తి గురించి, ఏ ఊరి టెంటులో ఎంతమంది ఉన్నారన్న దాని గురించి మాట్లాడాడు. ఆమెకు ఉప్పు తక్కువైందని కూడా చెప్పాడు. నాకంటే మంచి తెలుగు. ఎక్కడా తడబడలేదు. ఒక్క మాట కోసం కూడా కొడుకు వైపు తిరగలేదు.

నేను కొడుకు వైపు చూశాను. ఆయన అన్నం ముందు పెట్టుకొని తినడం లేదు. వాళ్ళ బాపు మాట్లాడుతుంటే చూస్తున్నాడు. మావోళ్ళకు తెలుగు వస్తదని నాతో అన్నది ఆయనే గదా. ముందు రోజు సాయంత్రం ఆ సంగతి మరిచిపోయాడా? లేక బాపు నోట విన్నది కాబట్టి, వచ్చిన పనిని వచ్చినట్టు తీసుకున్నాడా? అడుగుదామనుకున్నాను. అప్పటికే ఆమె మా బండి వదిలింది.

ఆ ప్రయాణం తర్వాతి ఏళ్ళ సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. కొన్నాళ్ళకు నాకు ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశాను. తెలంగాణ వచ్చింది. ఆయన వారంలో సగం తండాలో ఉంటున్నాడని, సగం జనగామలో ఉంటున్నాడని వదిన ఫోనులో చెప్పింది. తండాలో ఆఫీసు లేదట, మంచం మీద బాపు పక్కనే కంప్యూటరు పెట్టుకొని పని చేస్తున్నాడట. "మరి పని అయితదా వదినా?" అంటే, "అక్కడ మంచిగ అయితదంట. ఈడ ఉంటేనే కాదంట" అంది. తర్వాత తనే, "ఆఫీసు ఎత్తేసిండు. బీరువా జరపమన్నడు, నేను జరపలే. ఇన్నేండ్లు అటు దిక్కు ఉన్నోడు ఒక్కసారి ఇటు దిక్కొస్తే నాకు అలవాటు లేదు" అంది. నవ్వుతూనే అంది. ఆ కాపురం దాంతో బాగుపడిందో, ఇంకో రకంగా చీలిందో నాకు తెలియదు. చివరికి బాపు కంటే ముందు ఆయనే పోయాడు, జ్వరంతో, నాలుగు రోజుల్లో.

ఆ రోజు మేం చేరిన మానుకోట డాక్టరు గది చిన్నది. ముసలాయనను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం ఒక మిషన్ మీద ఆనించి, చాలాసేపు చూశాడు. తర్వాత మా వైపు తిరిగి చెప్పాడు.

"నరం బాగా దెబ్బతింది. కంటిలో ప్రెషర్ చాలా ఎక్కువగా ఉంది. పోయిన చూపు ఇక తిరిగి రాదు. మందులు వేసి, ఆపరేషన్ చేసి, మిగిలినదాన్ని కొంత నిలబెట్టొచ్చేమో. దానికి కూడా గ్యారంటీ లేదు."

ముసలాయన ముఖం డాక్టరు గొంతు వైపే ఉంది. డాక్టరు మాట్లాడింది తెలుగు. రోడ్డు మీద ఉప్పు తక్కువైందని చెప్పిన మనిషికి అందులో తెలియని మాట ఏముంటుంది?

కొడుకే అడిగాడు. "నిన్న వస్తే ఏమన్న తేడా ఉండునా సార్?"

డాక్టరు మందులు రాస్తూ ఆగాడు. "నెల కింద వస్తే వేరే సంగతి. నిన్నటికీ ఇవాళ్టికీ... ఒక్కోసారి ఒక్క రోజు కూడా తేడానే. ఈయన విషయంలో చెప్పలేను."

"ఉండునంటరా, ఉండదంటరా?"

"చెప్పలేనండి. నిజంగానే చెప్పలేను. పెద్దాయనకు మీరు అర్థమయ్యేలా చెప్పండి."

ఆయన స్టూలు పక్కన కింద కూర్చొని, బాపు మోకాలి మీద చెయ్యి వేసి, తమ భాషలో మొదలుపెట్టాడు. మామూలుగా ఏం చెప్పాలన్నా ముందు ఆగే మనిషి, అక్కడ ఆగలేదు. నాకు ఆ భాష రాదు. కాని మధ్యలో డాక్టరు మాటలు వినిపిస్తున్నాయి. నరం. ప్రెషర్. ఆపరేషన్. గ్యారంటీ. డాక్టరు చెప్పిన వరసలోనే వచ్చాయి. గ్యారంటీ తర్వాత కూడా ఆయన కొంతసేపు మాట్లాడాడు. అంటే చివరి ప్రశ్న, దానికి డాక్టరు చెప్పిన జవాబు కూడా చెప్పాడనే అనుకుంటున్నాను. అక్కడ నాకు పట్టుకోవడానికి తెలిసిన మాట ఒక్కటీ లేదు.

ముసలాయన తల కొంచెం వంచి, కొడుకు నోటికి చెవి దగ్గరగా పెట్టి, ఎవరో ఎన్నడూ వినని వార్త చెప్తున్నట్టు విన్నాడు. అంతా అయ్యాక రెండు మాటలన్నాడు.

"ఏమంటున్నారు?" అన్నాడు డాక్టరు.

"మల్లొకసారి చెప్పుమంటున్నడు సార్."

"అర్థం కాలేదా?"

"అర్థమైందంట."

డాక్టరు నా వైపు చూశాడు. కాంపౌండరు తలుపు తీసి తర్వాతి పేషెంటును లోపలికి పంపాడు. మేం ముగ్గురం బయటికొచ్చి వరండా బల్ల మీద కూర్చున్నాం. ఆయన మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. నరం, ప్రెషర్, ఆపరేషన్, గ్యారంటీ. ఏదీ తగ్గించలేదు, ఏదీ తొందరపెట్టలేదు. ముసలాయన కళ్ళు మూసుకొని, ఒక చేత్తో కొడుకు ముంజేయి పట్టుకొని, మధ్యమధ్య "ఊఁ" కొడుతున్నాడు.

రోడ్లు మళ్ళీ మూసేస్తారేమో, పొద్దు ఉండగానే బయల్దేరాలి. చెప్పడం పూర్తయిందనుకొని బండి తీయడానికి లేచాను. ముసలాయన మళ్ళీ ఆ రెండు మాటలే అన్నాడు. నేను తాళంచెవి జేబులో వేసుకొని కూర్చున్నాను.